దుండిగల్ వెళ్తున్న మనవరాలికి తాతయ్య ఉత్తరం

చిరంజీవి మనవరాలికి,

తాతయ్య ఆశీస్సులు. నీకు దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ నుంచి పిలుపు వచ్చిన రోజు రాత్రి మీ అమ్మ నాకు ఫోను చేసింది. "నాన్నా, అది మీ మాట వింటుంది, మీరే ఏదో ఒకటి చెప్పండి" అంది. నిన్ను ఆపమని దాని అర్థం. నేను ఆపను. అలాగని మీ అమ్మ భయం ఉత్తదని కూడా అనను. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుంచి లేచిన పిలాటస్ శిక్షణ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలిపోయింది. నేర్పుతున్న అధికారీ, నేర్చుకుంటున్న క్యాడెట్టూ ఇద్దరూ పోయారు. ఆ వార్త టీవీలో వచ్చినప్పుడు నేను మీ ఇంట్లోనే ఉన్నాను. మీ అమ్మ వెంటనే టీవీ కట్టేసింది. నువ్వు మళ్ళీ పెట్టావు. నువ్వు ఈ దారిలోనే వెళ్తావని ఆ రోజే నాకు తెలిసింది.

నేను పైలట్‌ను కాను, నీకు తెలుసు. ఇంజిన్ ఫిట్టర్‌ను. 1972లో చేరి, సర్వీసులో సగానికి పైగా కిరణ్ శిక్షణ విమానాల కిందే గడిపాను. నేను సంతకం పెట్టిన విమానంలో వెళ్ళిన పిల్లలు తిరిగి దిగేవరకు ఎండలో నిలబడి ఆకాశం వైపు చూసినవాణ్ణి. రెండుసార్లు శకలాలు ఏరడానికి వెళ్ళిన జట్టులోనూ ఉన్నాను. కాబట్టి విమానం ఎలా నడపాలో నేను చెప్పను, అది నీ గురువుల పని. శిక్షణ విమానాలు ఎందుకు కూలతాయో నేల మీద నుంచి చూసినంత మేరకు చెబుతాను.

మొదటిసారి వెళ్ళింది ఒక పత్తి చేలోకి. మేము భుజం భుజం కలిపి వరుసగా నడుస్తూ, దొరికిన ప్రతి ముక్కకూ చీటీ కట్టాం. తర్వాత షెడ్డులో వాటిని పరిచి చూస్తే విరిగిన ముక్కలే మాట్లాడతాయి. పగిలిన గేజీని భూతద్దం కింద పెడితే, నేలను గుద్దిన క్షణాన ముల్లు డయలు మీద కొట్టుకున్న సన్నని గీత కనిపిస్తుంది. ఇంజిను అప్పటికి ఎంత వేగంతో తిరుగుతోందో ఆ గీతను బట్టి తెలుస్తుంది. హెచ్చరిక దీపం బల్బులో తీగ సాగిపోయి మెలికలు తిరిగి ఉంటే, ఆ క్షణానికి దీపం వెలుగుతూ ఉందని అర్థం. వేడెక్కిన తీగ సాగుతుంది, చల్లని తీగ పుటుక్కున తెగుతుంది. ఆ రోజు మాకు దొరికిన బల్బులో తీగ సాగి ఉంది. ఆ దీపం వెలిగి ఎంతసేపయిందో, ఈలోపు లోపల ఉన్న ఇద్దరిలో ఎవరు ఏమన్నారో నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఏ గేజీలోనూ దొరకనిది ఆ సంగతి ఒక్కటే.

అందుకే నీకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే ఉంది, తల్లీ. తేడాగా అనిపించిన మరుక్షణం నోరు విప్పి చెప్పు. ఎంత చిన్నదైనా సరే, తర్వాత అది తప్పని తేలినా సరే.

నా సర్వీసులో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఒక క్యాడెట్ ఒంటరిగా ఏరోబాటిక్స్, అంటే గాలిలో పల్టీలు, చేసి దిగాడు. నిచ్చెన దిగి, హెల్మెట్ చంకలో పెట్టుకుని వెళ్ళబోతూ నా దగ్గర ఆగాడు. "చీఫ్, స్టిక్ ఒక్కసారి ఎక్కడో పట్టినట్టు అనిపించింది. నా చెయ్యే బిగుసుకుందేమో లెండి" అన్నాడు. స్టిక్ అంటే విమానాన్ని నడిపే కడ్డీ. విమానంలో లోపాలు రాసే పుస్తకం, ఫారం 700లో మాత్రం ఏమీ రాయలేదు. లూప్ సరిగ్గా రాకపోవడానికి సాకు వెతుకుతున్నాడని గురువు అనుకుంటాడేమోనని వాడి భయం. నేను పుస్తకం తెరిచి, పెన్ను చేతికిచ్చి, "రాయండి సార్, రాసేవరకు ఈ విమానం కదలదు" అన్నాను. రాశాడు. మేము సీటు తీసి, అడుగున రేకు విప్పి చూశాం. స్టిక్ మొదట్లో, కడ్డీలు కదిలే చోట, ఒక నీలం బాల్‌పెన్ను ఇరుక్కుని ఉంది. దాని ఒంటి మీద రెండు చోట్ల నొక్కుకుపోయిన గాట్లున్నాయి. విమానం తలకిందులైనప్పుడు ఎవరి జేబులోంచో జారి, తిరిగి నిటారైనప్పుడు అక్కడికి చేరింది. ఎన్నాళ్ళ నుంచి అక్కడ ఉందో తెలియదు. ఆ ఉదయం అదే విమానంలో ఇంకొకడు వెళ్ళాల్సి ఉంది.

మేము పని ముగించాక పానాలు, స్క్రూడ్రైవర్లు బోర్డు మీద నీడబొమ్మల్లో పెట్టి లెక్క చూసుకునేది ఇందుకే. ఒక్క పాన తక్కువైనా దొరికేదాకా విమానం ఎగరదు. నువ్వూ ఎక్కేముందు జేబులు తడుముకో. జిప్పు లేని జేబులో పెన్ను, నాణెం, హెయిర్‌పిన్ను ఏదీ పెట్టకు. దిగాక ఏదైనా కనిపించకపోతే సిగ్గుపడకుండా చెప్పు. నా తరంలో హెయిర్‌పిన్నుల మాట రాలేదు. 2016లో ముగ్గురు అమ్మాయిలు మొదటిసారి ఫైటర్ పైలట్లుగా దుండిగల్ నుంచి బయటికి వచ్చారు. వాళ్ళు పాసౌట్ అయిన రోజు టీవీ ముందు నేను లేచి నిలబడ్డాను.

జంట సీట్ల విమానంలో ఇంకో ప్రమాదం దాగి ఉంటుంది. గురువు నడుపుతున్నాడని శిష్యుడు, శిష్యుడు నడుపుతున్నాడని గురువు అనుకుంటారు. కాసేపు విమానం ఎవరి చేతిలోనూ ఉండదు. అందుకే కంట్రోల్ ఇచ్చినప్పుడూ తీసుకున్నప్పుడూ నోటితో చెప్పి, అవతలివాళ్ళ నోటితో మళ్ళీ వినే పద్ధతి పెట్టారు. వందోసారి కూడా మొదటిసారి చెప్పినంత గట్టిగా చెప్పు. గురువు పెద్దవాడు కదా, ఆయనకు తెలియదా అని ఊరుకోకు. ఎత్తు తగ్గుతుంటే "సార్, ఎత్తు తగ్గుతోంది" అను. మన ఇళ్ళలో పెద్దల మాటకు అడ్డు చెప్పకూడదని నేర్పాం. ఆ మర్యాదను కాక్‌పిట్ నిచ్చెన దగ్గరే విప్పి పెట్టి ఎక్కు.

సాధన కూడా ప్రాణం తీస్తుందని నాకు అర్థమైంది రిటైరయ్యాక, బ్రిటన్ వాళ్ళ పాత లెక్కలు చదివినప్పుడు. రెండవ ప్రపంచ యుద్ధం చివర్లో, 1944లో, వాళ్ళ వైమానిక దళానికి గ్లాస్టర్ మీటియర్ అనే జెట్ వచ్చింది. రెండు ఇంజిన్లు, ఒకదానికొకటి బాగా ఎడంగా, రెక్కల మీద ఉంటాయి. ఒకటి ఆగితే రెండోది విమానాన్ని బలంగా పక్కకు తిప్పేస్తుంది. దాన్ని తిన్నగా పట్టడానికి కాలితో తోక చుక్కానిని తిప్పే రడ్డర్ పెడల్‌ను బిగించి తొక్కాలి, వేగం ఒక హద్దు దాటి తగ్గితే ఎంత తొక్కినా ఆగదు. అందుకని కుర్రవాళ్ళకు ఒక ఇంజినును నిజంగానే ఆపి దిగడం నేర్పారు. నిజంగా ఇంజిను చెడిపోయి పోయినవాళ్ళ కంటే ఆ సాధనలో పోయినవాళ్ళే ఎక్కువని ఆ విమానం నడిపినవాళ్ళు చెప్పుకునేవారు. దానికి తోడు, వేగం తగ్గించే ఎయిర్‌బ్రేకులు తెరిచి ఉంచి చక్రాలు దించితే ఒక్కసారిగా తిరగబడి నేలకు దూసుకుపోయే గుణం ఒకటి. ఇంధనం గంటకు కూడా సరిపోదు. శిక్షణకు వాడిన టి.7 రకంలో, ఆపదలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటే లేదు. మొత్తం 890 మీటియర్లు పోయాయి, 450 మంది పైలట్లు చనిపోయారు. 1953 ఒక్క ఏడాదిలోనే 145 విమానాలు. ఇంచుమించు అన్నీ శాంతి కాలంలోనే. ఆ అంకెలు చదివి నేను పుస్తకం మూసి బయటికి వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళలో చాలామందికి నీ వయసే.

కాబట్టి ప్రమాదాన్ని అనుకరించే పాఠం వచ్చిన రోజున ముందే గురువును అడుగు: ఏ ఎత్తు కంటే కిందికి వస్తే ఆపేస్తాం, ఏ వేగం కంటే తగ్గితే వదిలేస్తాం అని. నేల మీద చెప్పించుకున్న అంకెనే గాలిలో నమ్ము. గాలిలో బేరం మొదలైతే ఇంకొక్క వంద అడుగులు, ఇంకొక్క ప్రయత్నం అంటూ మనసు జారిపోతుంది. విమానం గిరగిరా తిరుగుతూ పడిపోయే స్పిన్‌కైనా, ఎజెక్షన్‌కైనా ఇంతే. సీటు మంచిదే అయినా ఆలస్యంగా హ్యాండిల్ లాగి పోయినవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. విమానాన్ని కాపాడదామనే వాళ్ళు అన్ని క్షణాలు ఆగారు. విమానం పోతే ఇంకొకటి వస్తుంది. ఈ మాట ఒక ఫిట్టర్‌గా, వాటిని పిల్లల్లా చూసుకున్నవాడిగా చెబుతున్నాను.

ఇక నాకు కోపం తెప్పించే సంగతి. ప్రతి ప్రమాదాన్నీ పైలట్ తప్పు అని రాసి ఫైలు మూయడం చాలా తేలిక. మన హెచ్‌పీటీ-32 దీపక్‌నే చూడు. అప్పుడే వచ్చిన పిల్లలు మొదట ఎక్కే విమానం. ఒకటే ఇంజిను, ఎజెక్షన్ సీటు లేదు, ఇంజిను ఆగితే ఎక్కువ దూరం తేలలేని బరువు. ఇంజిను గాలిలో ఆగిపోతోందని మళ్ళీ మళ్ళీ ఫిర్యాదులు వచ్చాయి. 2009 జులై 31న మెదక్ జిల్లాలోనే ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు పోయాకగానీ దాన్ని పూర్తిగా ఆపలేదు. అప్పటికి 17 ప్రమాదాల్లో 19 మంది పోయారని పత్రికలు రాశాయి. నేర్పేవాళ్ళే, చెయ్యి తిరిగినవాళ్ళే పోయారంటే అది నైపుణ్యం లోపం ఎలా అవుతుంది? అమెరికాలోనూ ఇలాగే జరిగింది. కొలరాడోలోని వాళ్ళ అకాడమీలో టి-3 ఫైర్‌ఫ్లై విమానాలు మూడు కూలి ఆరుగురు పోయాక 1997లో ఆపేశారు. అక్కడా ఇంజిన్లు ఉన్నట్టుండి ఆగిపోయేవి. మన దీపక్‌లో, వాళ్ళ ఫైర్‌ఫ్లైలో ఉన్నది ఒకే కుటుంబానికి చెందిన 260 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజినే. నా చేతులతో ఇంజిన్లు విప్పినవాణ్ణి కనుక ఈ పోలిక నన్ను నిద్రపోనివ్వలేదు.

మిగ్-21 యుద్ధ విమానం కథ ఇంకా పొడుగు. కిరణ్ మీద నేర్చుకున్న కుర్రవాణ్ణి తీసుకెళ్ళి, గంటకు 300 కిలోమీటర్ల వరుసలో నేలను తాకే విమానంలో కూర్చోబెట్టేవారు. మధ్యలో మెట్టు లేదు. ఒక మెట్టు కావాలని, అంటే ఆధునిక జెట్ శిక్షణ విమానం కొనాలని, ఫైటర్ విమానాల ప్రమాదాలపై వేసిన లా ఫాంటైన్ కమిటీ 1982లోనే చెప్పింది. ఆ మెట్టుగా ఎంచుకున్న హాక్ విమానాల ఒప్పందం కుదిరింది 2004లో. అవి బీదర్‌లో దళంలో చేరింది 2008లో. ఆ మధ్య కాలంలో తేజ్‌పూర్‌లో మిగ్‌ల మీదే నేర్చుకున్న పిల్లలు ఎందరో. 2025 సెప్టెంబరులో చండీగఢ్‌లో మిగ్-21కు ఘనంగా వీడ్కోలు పలికారు. దాని గొప్పతనాన్ని నేనూ కాదనను. ఆ రోజు నాకు గుర్తొచ్చింది మాత్రం లేని ఆ మెట్టే.

ఇదంతా నిన్ను నిరుత్సాహపరచడానికి కాదు. కాగితం మీద నువ్వు రాసే ప్రతి లోపమూ ఎక్కడికో చేరుతుందని తెలియడానికి. దీపక్ ఆగింది, పిలాటస్ వచ్చింది, దానికి ఎజెక్షన్ సీటు ఉంది. హాక్ వచ్చింది. ఆలస్యంగానే అయినా, ఎవరో రాశారు కాబట్టే వచ్చాయి. నువ్వు రాసింది ఈ వారం ఎవరూ పట్టించుకోకపోయినా మళ్ళీ రాయి.

జ్వరంగా ఉన్నా, రాత్రి నిద్ర లేకపోయినా ఉదయం డాక్టరు దగ్గర దాచకు. ఒక సార్టీ, అంటే ఒకసారి ఎగిరే అవకాశం, పోతుంది, అంతే. విమానం చుట్టూ నడిచి చూసేటప్పుడు ఫిట్టర్ వెనకే ఉంటే అతణ్ణి పేరుతో పలకరించు. పక్షులు ఎక్కువగా ఉన్న రోజున, ఎజెక్షన్ సీటు భద్రతా పిన్నులు లెక్కపెట్టే వేళ, అతని కళ్ళు నీకు రెండో జత కళ్ళు.

ఇంకొకటి, దీన్ని మాత్రం మాట ఇచ్చి వెళ్ళు. ఒంటరిగా ఎగరనిచ్చే రోజు వస్తుంది. అప్పుడు ఇంటి మీదుగా, కాలేజీ మీదుగా కిందికి దిగి ఊగించి చూపాలని ప్రతి కుర్రవాడికీ ఉంటుంది. కరెంటు తీగలు పై నుంచి కనిపించవు. చెట్టూ గుట్టా ఒక్కసారే ఎదురవుతాయి. కింద నుంచి చూస్తున్నది సొంత మనుషులే అయిన ప్రమాదాలు ఉన్నాయి, తల్లీ. అనుమతించిన చోట, అనుమతించిన ఎత్తులోనే ఉండు. మేము మేడ మీద నిలబడి చుక్కంత కనిపించినా నువ్వే అనుకుంటాం.

ఈ ఉత్తరం రాశాక మీ అమ్మకు చదవమని ఇచ్చాను. తూప్రాన్ సంగతి రాసిన చోట ఆగిపోయింది. చాలాసేపు తల ఎత్తలేదు. ఆ పేరా తీసేయమంటుందేమో అనుకున్నాను. అనలేదు. కాగితాలు మడిచి నా చేతికి ఇస్తూ, "జిప్పు ఉన్న జేబులు ఎన్ని ఉంటాయి నాన్నా ఆ డ్రెస్సుకి?" అని అడిగింది. నువ్వు చూసి చెప్పు.

మీ తాతయ్య