పోటీ కంపెనీలు కలిసి పరిశోధన చేయడం ఎలా సాధ్యం?

ప్రశ్న: ఫోన్లలోనూ కార్లలోనూ వాడే సూక్ష్మ సెన్సార్ల పరిశోధనకు విశ్వవిద్యాలయాలూ కంపెనీలూ కలిసి కేంద్రాలు నడుపుతున్నాయని చదివాను. మార్కెట్లో పోటీపడే కంపెనీలు ఒకే కేంద్రంలో సభ్యులుగా ఎలా ఇముడుతాయి? తాము డబ్బు పెట్టిన పరిశోధన ఫలితం ఎదుటి కంపెనీకి కూడా అందితే వాటికి మిగిలేదేమిటి?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: అమ్మకానికి వచ్చే వస్తువును ఈ కేంద్రాలు రూపొందించవు, ఆ వస్తువు తయారుచేసే ప్రతి కంపెనీకీ ఎదురయ్యే చిక్కులను అవి పరిశోధిస్తాయి. ఉదాహరణకు, సిలికాన్ పలక మీద కొద్ది మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) మందంలో, సెన్సార్‌లో కదిలే భాగంగా పాలిసిలికాన్ (చిన్న చిన్న స్ఫటికాలతో కూడిన సిలికాన్) దూలాన్ని నిర్మించి, దాని కింద ఉన్న ఆక్సైడ్ పొరను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కరిగించి, నీటితో కడిగి ఆరబెడితే, ఆరుతున్న నీటి తలతన్యత ఆ దూలాన్ని కిందికి లాగి పలకకు అతికిస్తుంది. ఒకసారి అతుక్కున్న దూలం మళ్లీ లేవడం అరుదు. ద్రవానికీ వాయువుకూ తేడా చెరిగిపోయే పీడన, ఉష్ణోగ్రతల వద్ద కార్బన్ డయాక్సైడ్‌తో ఆరబెడితే ఈ లాగుడు ఉండదు. ఇలాంటి పరిష్కారం అందరికీ తెలిసినందువల్ల ఏ కంపెనీ నష్టపోదు. ఎవరికి వారు విడిగా వెతుక్కుంటే మాత్రం అందరి డబ్బూ వృథా అవుతుంది.

ఈ రంగంలో పేరున్న బర్క్లీ సెన్సార్ అండ్ యాక్చుయేటర్ సెంటర్ 1986లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వారి సహకార పరిశోధన పథకం కింద మొదలైంది. ఈ పథకంలో కంపెనీలు ఏటా సభ్యత్వ రుసుము చెల్లిస్తాయి, వాటి ప్రతినిధులతో కూడిన సలహా మండలి ఏ ప్రాజెక్టులు కొనసాగాలో సూచిస్తుంది, ప్రభుత్వం ఇచ్చే వాటా మాత్రం సాధారణంగా చిన్నదే. రుసుముకు అనేక రెట్ల విలువైన పరిశోధన అందుబాటులోకి వస్తుందనేది కంపెనీలు చెప్పే కారణం. నా ఉద్దేశంలో అంతకన్నా పెద్ద లాభం మరొకటి ఉంది: క్లీన్ రూమ్‌లో (ధూళి లేకుండా ఉంచే ప్రయోగశాలలో) కొన్నేళ్లు చేయి తిరిగిన విద్యార్థులను ఆ కంపెనీలు దగ్గర నుంచి గమనించి ఉద్యోగాల్లోకి తీసుకోగలుగుతాయి.

ప్రశ్న: అలాంటి కేంద్రంలో వచ్చిన పేటెంటు ఎవరిది? సిద్ధాంత వ్యాసం ప్రచురించుకోవడానికి కంపెనీ అడ్డు చెప్పగలదా?
— ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులతో జరిగిన ఆవిష్కరణపై విశ్వవిద్యాలయం హక్కు నిలుపుకోవచ్చు. సహకార కేంద్రాల ఒప్పందాల్లో సాధారణంగా పేటెంటు విశ్వవిద్యాలయం పేరిట ఉంటుంది, పేటెంటు ఖర్చులు పంచుకున్న సభ్య కంపెనీలకు రాయల్టీ లేకుండా వాడుకునే హక్కు దక్కుతుంది, కాకపోతే ఆ హక్కు ఏ ఒక్కరికీ ప్రత్యేకం కాదు. ప్రచురణను ఆపే అధికారం సభ్యులకు ఉండదు. పేటెంటు దరఖాస్తు వేసుకునేందుకు కొంత గడువు మాత్రం అడగవచ్చు. సంతకం చేసే ముందు ఆ గడువు ఎంతో మీ మార్గదర్శకుని అడిగి తెలుసుకోండి, ఎందుకంటే పట్టా చేతికొచ్చే తేదీ దాని మీద ఆధారపడవచ్చు.

హక్కులు తనకొక్కదానికే కావాలనుకునే కంపెనీ కేంద్రం బయట విడిగా ఒప్పందం చేసుకుంటుంది. అలా కంపెనీ, విశ్వవిద్యాలయం నేరుగా జతకట్టిన వాటిలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, జర్మనీకి చెందిన బాష్ కంపెనీ పరిశోధకుల కృషి చెప్పుకోదగ్గది. కంపించే సూక్ష్మ సిలికాన్ నిర్మాణాన్ని అధిక ఉష్ణోగ్రత వద్ద సిలికాన్ పొరతోనే మూసివేసి, తేమ, ధూళి చొరబడని గదిలో బంధించే పద్ధతిని వారు అభివృద్ధి చేశారు. దాని ఆధారంగా పుట్టిన సైటైమ్ కంపెనీ, ఎలక్ట్రానిక్ పరికరాలను లయ తప్పకుండా నడిపే గడియారపు సంకేతం కోసం తరతరాలుగా వాడుతున్న క్వార్ట్జ్ స్ఫటికాలకు బదులు సిలికాన్ రెజొనేటర్లను (స్థిరమైన వేగంతో కంపించే నిర్మాణాలను) మార్కెట్లోకి తెచ్చింది.

ప్రశ్న: ఈ రంగంలో ఏ అంశం ఎంచుకుంటే కంపెనీలు ఆసక్తి చూపుతాయి?
— మరో పాఠకుడు

జవాబు: కొత్త సెన్సార్ నిర్మాణాల మీద పరిశోధన పత్రాలకు కొదవ లేదు. ప్యాకేజింగ్ (చిప్‌ను రక్షణ కవచంలో అమర్చడం), పరీక్షించే పద్ధతులు, ఏళ్ల తరబడి వాడాక పరికరం రీడింగు ఎంత తప్పుతుందన్న లెక్క — వీటి మీద పని చేసేవారు తక్కువ. పూర్తయిన సెన్సార్ ఖర్చులో పెద్ద భాగం ప్యాకేజింగ్‌కూ పరీక్షలకూ పోవడం ఈ రంగంలో మామూలే, పైగా ప్యాకేజీ పదార్థం ఉష్ణోగ్రతతో వ్యాకోచించి చిప్‌పై కలిగించే ఒత్తిడి వల్ల మంచి సెన్సార్ కూడా తప్పుడు విలువ చూపుతుంది. పత్రికల్లో అంతగా మెరవని పని ఇది, కానీ సలహా మండలి సమావేశాల్లో కంపెనీ ప్రతినిధులు ఎక్కువ ప్రశ్నలు అడిగేది దీని గురించే అయ్యే అవకాశం ఉంది.