ఆకలి రుచెరగదన్న సామెత పిల్లిపిల్ల దగ్గర చెల్లదు

"పది వారాల పిల్లిపిల్ల ట్యూనా తప్ప ఇంకేమీ ముట్టడం లేదు, కిటెన్ ఫుడ్ పెడితే వాసన చూసి మూతి తిప్పుకుంటోంది, డ్రై ఫుడ్ మాత్రం రోజుకు నాలుగు గింజలు కొరుకుతోంది, మంచి తిండి ఎలా అలవాటు చేయాలి" అని అడిగారు. ఇలాంటప్పుడు ఎవరినడిగినా మొదట వచ్చే సలహా ఒకటే: ఒక పూట మాడ్చండి, అదే దారికొస్తుంది, ఆకలి రుచెరగదు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఆ సామెత మనుషులకు. పిల్లి అలా కాదు, వాసన నచ్చకపోతే ఎదురుగా గిన్నె నిండా తిండి ఉన్నా ఆకలితో అలాగే పడుకుంటుంది. పైగా కూన ఒంట్లో నిల్వ ఉండే శక్తి చాలా కొద్ది. ఎనిమిది వారాల్లోపు కూన నాలుగైదు గంటలు ఏమీ తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోవచ్చు. మీ కూన వయసులో పన్నెండు గంటలు గడిచినా ఏమీ తినలేదంటే అది పేచీ కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిన విషయం. ఒళ్ళు చల్లబడి, నడక తూలుతూ, మెడ వాలేస్తుంటే చిగుళ్ళకు కాస్త తేనె రాసి వెంటనే బయల్దేరండి.

ఇక అసలు విషయం. పిల్లి తినాలా వద్దా అన్నది ముక్కుతోనే తేల్చుకుంటుంది. దానికి తీపి తెలియదు. తీపిని పట్టే జన్యువు పిల్లుల్లో చెడిపోయి పనిచేయకుండా పోయిందని 2005లో తేల్చారు. దగ్గరి వస్తువు సరిగ్గా కనబడదు కూడా, ముక్కు కింద పెట్టిన ముద్ద దానికి మసకే. వాసన రాకపోతే అక్కడ తిండి ఉన్నట్టే లెక్క కాదు. ట్యూనా మీద అంత వెర్రి ఎందుకన్నదానికీ కారణం ఉంది. మాంసపు రుచిని పట్టే పిల్లి నాలుక ట్యూనాలో ఎక్కువగా ఉండే కొన్ని పదార్థాలకు గట్టిగా స్పందిస్తుందని 2023లో వచ్చిన పరిశోధన చెప్పింది. కాబట్టి మీ కూనను తప్పు పట్టక్కర్లేదు.

మీ ఇంట్లో జరుగుతున్నది బహుశా ఇది. నిన్న తెరిచిన కిటెన్ ఫుడ్ పౌచ్‌లో మిగిలింది ఫ్రిజ్‌లో ఉంటుంది. చల్లగా, గ్రేవీ జెల్లీలా గడ్డకట్టి, పైన కొవ్వు తెల్లగా పేరుకుని ఉంటుంది. దాన్ని అలాగే లోతు గిన్నెలో వేసి పెడతారు. కూన తోక ఎత్తుకుని పరుగున వస్తుంది, తల వంచుతుంది, రెండుసార్లు ముక్కు ఎగబీలుస్తుంది, ఏ వాసనా తగలదు. వెనక్కి జరిగి గిన్నె పక్కన నేలను ముందరి కాలితో గీరుతుంది, మట్టి కప్పెట్టినట్టు. మీ గుండె తరుక్కుపోతుంది. అయ్యో నచ్చలేదనుకుని రెండు నిమిషాల్లో ట్యూనా డబ్బా తెరుస్తారు. ఆ రెండు నిమిషాల్లో అది నేర్చుకున్న పాఠం: నేల గీరితే ట్యూనా వస్తుంది. మూడు రోజులు ఇలా జరిగితే చాలు, నాలుగో రోజు గిన్నెలో ఏముందో చూడకుండానే గీరుతుంది. పేచీ కూన పుట్టుకతో రాదు, గిన్నె మార్చే వేగంలోంచి వస్తుంది. వద్దన్న వెంటనే అంతకంటే మంచిది పెట్టడం మానేస్తే సగం సమస్య తీరినట్టే. ఈ ఒక్క మాట మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను.

వేడి చేయడంతో మొదలుపెట్టండి. తిండి పిల్లి ఒంటి వేడికి దగ్గరగా, అంటే 37, 38 డిగ్రీల దగ్గర ఉండాలి. అప్పుడే కొవ్వు కరిగి వాసన లేస్తుంది. మూసిన పౌచ్‌ను చెయ్యి పెట్టగలిగేంత వేడినీళ్ళలో నాలుగైదు నిమిషాలు ఉంచండి. ఫ్రిజ్‌లోదైతే ఆ పూటకు కావాల్సినంత చిన్న గిన్నెలోకి తీసి, ఆ గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి కలపండి. మణికట్టు లోపలివైపు కొద్దిగా రాసి చూసుకోండి, వేడీ చలవా ఏదీ తెలియకూడదు. మైక్రోవేవ్ వాడితే ఒకచోట చల్లగా, ఇంకోచోట సలసలా ఉంటుంది. ఒక్కసారి నోరు కాలిందా, ఆ వాసన వచ్చిన ప్రతిసారీ పారిపోతుంది.

లోతు గిన్నె వద్దు. వెడల్పాటి, అంచు తక్కువున్న స్టీలు లేదా పింగాణీ ప్లేటు తీసుకోండి. ప్లాస్టిక్ పాత తిండి వాసననూ సబ్బు వాసననూ పట్టి ఉంచుతుంది, నిమ్మ వాసన వచ్చే గిన్నెలో పిల్లి ముఖం పెట్టదు. ప్లేటు లిట్టర్ బాక్స్‌కు, అంటే అది మలమూత్రాలకు వెళ్ళే పెట్టెకు, వీలైనంత దూరంగా, తింటూ గదిని చూసుకోగలిగే చోట ఉండాలి. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే వేరే గదిలో పెట్టి తలుపు వేయండి. చాలా ఇళ్ళలో పేచీ అనుకునేది నిజానికి పెద్దపిల్లి చూపుకు భయం.

ఇప్పుడు ట్యూనా నుంచి మళ్ళించడం. ముక్కలు పక్కపక్కన పెడితే ట్యూనా ఏరుకుని తిని మిగతాది వదిలేస్తుంది. అందుకని మెత్తటి ముద్దలా ఉండే కిటెన్ వెట్ ఫుడ్ తెచ్చి, ట్యూనాతో కలిపి, చెంచా గోరువెచ్చని నీళ్ళు పోసి ఫోర్కుతో పూర్తిగా మెదపండి, విడదీయడానికి వీల్లేకుండా. మొదటి రెండు మూడు రోజులు ట్యూనా మూడు చెంచాలకు కొత్తది ఒకటి. తర్వాత రెండుకు రెండు. ఆ తర్వాత ఒకటికి మూడు. చివరికి ట్యూనా ముక్క ఉండదు, ఆ డబ్బాలోని నీళ్ళు అరచెంచా పైన చల్లితే చాలు. ఉప్పునీళ్ళలో నిల్వ చేసింది కాకుండా మామూలు నీళ్ళలోది వాడండి. మొత్తం పది పన్నెండు రోజులు పడుతుంది. ఎక్కడైనా ఆగిపోతే కిందటి మెట్టుకు వెళ్ళి రెండు రోజులు అక్కడే ఉండండి, పైకి తోయకండి. త్వరపడితే ఇంకో చిక్కు కూడా ఉంది: తిండి హఠాత్తుగా మారితే విరేచనాలు పట్టుకుంటాయి, కడుపు చెడిపోయిన రోజు తిన్నదాని మీద పిల్లికి చాలాకాలం విరక్తి ఉండిపోతుంది. మందుబిళ్ళను రోజువారీ తిండిలో కలపకూడదనేది కూడా ఇందుకే. మందు చేదు తిండికి అంటుకుని, మీరు ఇన్నాళ్ళూ కష్టపడి అలవాటు చేసింది ఒక్క పూటలో పోతుంది.

రోజుకు నాలుగు పూటలు పెట్టండి. ప్రతిసారీ ఇరవై, ముప్పై నిమిషాలు ఉంచి, తిన్నా తినకపోయినా ఏమీ అనకుండా తీసేయండి. వెనకాలే తిరుగుతూ బతిమాలకండి, చేత్తో నోట్లో కుక్కడం అసలే వద్దు. మూడు నాలుగు గంటల తర్వాత అదే తిండి, తాజాగా, వెచ్చగా. పూటకు ముందు పది నిమిషాలు తాడుతోనో ఈక బొమ్మతోనో పరిగెత్తించి, చివర్లో దాన్ని పట్టుకోనిచ్చి, అప్పుడు ప్లేటు పెట్టండి. వేటాడాక తినడం దాని స్వభావం. అప్పటికీ ముట్టకపోతే వేలి కొనకు కొద్దిగా తీసుకుని పెదవి అంచుకు రాయండి. నాకక తప్పదు, నాకితే రుచి తెలుస్తుంది. ఇలా రెండు పూటలు వరుసగా ముట్టకపోతే మూడో పూట కిందటి మెట్టు తిండి పెట్టేయండి, పన్నెండు గంటల హద్దు దాటనివ్వకండి.

ఎంత తినాలంటే, కిలో బరువున్న పది వారాల కూనకు రోజుకు సుమారు 200 కిలోకేలరీలు. 85 గ్రాముల వెట్ పౌచ్‌లో మామూలుగా 70 నుంచి 90 దాకా ఉంటాయి, డ్రై ఫుడ్ గ్రాముకు దాదాపు 4. అంటే రెండున్నర పౌచ్‌లు, లేదా 50 గ్రాముల గింజలు, లేదా రెండూ కలిపి ఆ లెక్కకు వచ్చేలా. కళ్ళతో అంచనా వేయకండి. వంటింటి త్రాసు మీద డబ్బాలో కూర్చోబెట్టి రోజూ ఒకే వేళకు గ్రాముల్లో తూచి రాసుకోండి. వారానికి వంద గ్రాముల దాకా పెరుగుతుంటే అది ఎంత మారాం చేసినా మీరు నిశ్చింతగా ఉండొచ్చు. రెండు రోజులు ముల్లు కదలకపోతే జాగ్రత్తపడాలి, తగ్గితే డాక్టరు.

ప్యాకెట్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఈ లేబుళ్ళ మీద నాకు చాలా కోపం. ముందువైపు కోడి బొమ్మ, వెనకవైపు సన్నటి అక్షరాల్లో "కాంప్లిమెంటరీ". దానర్థం అది ఒక్కటే తింటే సరిపోదని. మీకు కావాల్సింది "కంప్లీట్" అని, అది కూడా ఎదిగే కూనలకు లేదా అన్ని వయసులకు అని రాసి ఉన్నది. నాకించే క్రీమ్ ట్యూబులన్నీ ఎక్కువగా నీళ్ళే, దాదాపుగా అన్నీ చిరుతిండి కిందికే వస్తాయి. కొత్త తిండి మీద పూతగా బఠాణీ గింజంత వాడండి, పూటకు బదులు మాత్రం కాదు. అలాగే వెట్ ఫుడ్ మీద ప్రోటీన్ 10 శాతం అని చూసి తక్కువనుకోకండి. నీళ్ళు 80 శాతం తీసేస్తే మిగిలిన 20లో 10 ప్రోటీనే, అంటే 50 శాతం. ఎదిగే కూనకు నీళ్ళు తీసేసిన లెక్కలో కనీసం 30 శాతం ప్రోటీన్, 1 శాతం కాల్షియం ఉండాలన్నది ఆఫ్కో, అంటే అమెరికాలో జంతువుల ఆహారానికి ప్రమాణాలు పెట్టే సంస్థ, చెప్పే ప్రమాణం.

"ఉడికించిన కోడి మాంసం పెడతాను, స్వచ్ఛమైనది కదా" అంటారు చాలామంది. ఇష్టంగానే తింటుంది, చిక్కు కూడా అదే. ఎముక లేని మాంసంలో ఫాస్ఫరస్ కాల్షియం కంటే పదిహేను, ఇరవై రెట్లు ఎక్కువ. కూనకు రెండూ ఇంచుమించు సమానంగా కావాలి. కొరత తీర్చుకోవడానికి ఒళ్ళు తన ఎముకల్లోంచే కాల్షియం లాగేస్తుంది. కొన్ని వారాల్లోనే కుంటడం, ఎత్తుకుంటే అరవడం, చిన్న గెంతుకే ఎముక విరగడం మొదలవుతాయి. ట్యూనా మీద పెంచితే కాల్షియం కొరతతో పాటు విటమిన్ ఇ తగ్గి ఒంట్లో కొవ్వు వాచి ముట్టుకుంటే నొప్పి పుడుతుంది. రోజూ కాలేయం పెడితే విటమిన్ ఎ మితిమీరుతుంది. పచ్చి చేపల్లో కొన్ని విటమిన్ బి1ను నాశనం చేస్తాయి. ఆవుపాలు విరేచనాలు తెస్తాయి. ఉల్లి, వెల్లుల్లి పొడి రూపంలో కూడా ఎర్రకణాలను పగలగొడతాయి, కాబట్టి మన వంటల్లోంచి తీసి పెట్టకండి. మాంసం లేకుండా పెంచాలనుకోవడం, కుక్క ఫుడ్‌తో సర్దుకోవడం కూడా కుదరవు. మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం పిల్లికి తిండిలోంచే రావాలి. అది చాలకపోతే కంటి చూపు, గుండె దెబ్బతింటాయి. గుండె జబ్బుకీ టారిన్‌కీ ఉన్న ఈ లంకె 1987లో బయటపడ్డాకే తయారీదారులు ఫుడ్‌లో దాన్ని పెంచారు.

ఒక తేడా మాత్రం గమనించండి. ప్లేటు దగ్గరికి ఆత్రంగా వచ్చి, ఒక ముద్ద తీసుకుని, తల విదిలించి వెనక్కి తగ్గితే నోట్లో నొప్పి ఉన్నట్టు. పుండ్లు కావచ్చు. మూడున్నర నెలలు దాటితే పళ్ళు మారే సమయం, మెత్తటివి పెట్టండి. తిండి చూడగానే పెదవులు నాక్కుంటూ చొల్లు కారిస్తే వికారం. ముక్కు దిబ్బడ వేస్తే వాసనే తెలియదు కనుక ఏదీ ముట్టదు. గోరువెచ్చని తడి దూదితో ముక్కు తుడిచి ఆ తర్వాత పెట్టండి, తుమ్ములు కూడా ఉంటే డాక్టరుకు చూపించండి. పొట్ట ఉబ్బి వెన్నెముక తగులుతుంటే నులిపురుగులు కావచ్చు. మందు బరువును బట్టి డాక్టరు చెప్పినట్టు వేయాలి.

అలవాటు పడ్డాక ఒకే రుచి మీద ఆరు నెలలు ఉంచకండి. ముద్ద, గ్రేవీలో ముక్కలు, గింజలు, మూడింటినీ ఈ వయసులోనే పరిచయం చేయండి. వారంలో ఏ రోజు ఏది అన్నది మీరే ముందుగా నిర్ణయించాలి, అది వద్దన్నప్పుడల్లా మార్చకూడదు. చిన్నప్పుడు గింజలు తప్ప ఎరగని పిల్లికి పెద్దయ్యాక మూత్రపు సమస్య వచ్చి వెట్ ఫుడ్‌కు మార్చమంటే ఇంటిల్లిపాదీ పడే అవస్థ అంతా ఇంతా కాదు. వెట్ ఫుడ్‌కు మారాక కూన నీళ్ళు తాగడం తగ్గించేసిందని కంగారు పడకండి, దానికి కావాల్సిన నీళ్ళలో చాలా భాగం ఆ ముద్దలోనే వెళ్ళిపోతున్నాయి. నీళ్ళ గిన్నె మాత్రం తిండికి కాస్త దూరంగా ఎప్పుడూ నిండుగా ఉంచండి.