పెరటి కుంటకి సోలార్ పెట్టే ముందు

అమ్మలూ,

కుంట ఫోటోలు చూశాను, ముచ్చటగా ఉంది. అల్లుడు గారు లింకు పంపిన ఆ తేలే సోలార్ ఫౌంటెన్ మాత్రం ఇప్పుడే ఆర్డర్ పెట్టొద్దు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను, కానీ దానికి బ్యాటరీ లేదు. ఎండ ఉన్నంతసేపే నీళ్లు చిమ్ముతుంది, మబ్బు అడ్డొస్తే ఆగిపోతుంది. మీ చేపలకి గాలి ముఖ్యంగా కావాల్సింది రాత్రిపూట.

మా భీమవరం వైపు చెరువుల మీద బతికే ఎవర్నడిగినా ఇదే చెప్తారు, తెల్లవారుజామే గండం. పగలు నీళ్లలోని పాచి, మొక్కలు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తాయి, చీకటి పడగానే ఆ తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు, అలా తగ్గుతూ తగ్గుతూ సరిగ్గా పొద్దు పొడిచే ముందు అడుగంటుతుంది. ఎండాకాలం ఇంకా కష్టం. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ నిలిస్తే, 30 డిగ్రీల నీళ్లలో ఏడున్నరే. ఒకరోజు ఐదింటికి లేచి టార్చి వేసి చూడు. చేపలన్నీ పైకొచ్చి, మూతులు నీటి మట్టానికి ఆనించి గుటకలు వేస్తూ, వెలుగు పడ్డా బెదిరి కిందికి పోకుండా ఉంటే వాటికి ఊపిరి ఆడట్లేదని అర్థం.

అందుకే ముందు డబ్బు ఎయిర్ పంపుకీ బ్యాటరీకీ పెట్టు. ఆరడుగులు, ఎనిమిదడుగులు, రెండడుగుల లోతు అన్నావు కదా, సుమారు 2,700 లీటర్లు. చేపలు కిక్కిరిసి లేకపోతే 5 వాట్ల ఎయిర్ పంపు, అడుగున రెండు ఎయిర్ స్టోన్లు (గాలిని చిన్న బుడగలుగా వదిలే రాళ్లు) సరిపోతాయి. సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఏడు దాకా నడిస్తే రాత్రికి 60 వాట్-అవర్ల (వాట్లు ఇంటూ గంటలు) కరెంటు కావాలి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే తొందరగా పాడవుతుంది, కాబట్టి అంతకంటే ఎక్కువ వాడుకోనిచ్చే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 12 వోల్టుల 12 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) ది తీసుకో, అంటే సుమారు 144 వాట్-అవర్ల నిల్వ, అస్సలు ఎండ లేకపోయినా రెండు రాత్రులు లాగుతుంది. ప్యానెల్ 20 వాట్లు చాలని షాపువాళ్లు లెక్క చెప్తారు. 40 తీసుకో. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి, మన ఎండకి అది కాలిపోతుంటే అంత రాదు. ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్యలో ఛార్జ్ కంట్రోలర్ (బ్యాటరీ మరీ ఎక్కువ ఛార్జ్ అవకుండా చూసే చిన్న డబ్బా) తప్పనిసరి, దానికి మొదట బ్యాటరీ వైర్లు కలిపి, ఆ తర్వాతే ప్యానెల్ కలపాలి.

ముసురు రోజుల్లో జాగ్రత్త. అప్పుడు ప్యానెల్ నుంచి కరెంటూ రాదు, ఎండ లేక పాచి నుంచి ఆక్సిజనూ రాదు, రెండూ ఒకేసారి మొండిచెయ్యి చూపిస్తాయి. అందుకని ఇంట్లో ప్లగ్గు నుంచి కూడా ఛార్జ్ చేసుకునేలా అదే బ్యాటరీకి సరిపడే ఛార్జర్ ఒకటి ఉంచుకో, ఆ రోజుల్లో మేత బాగా తగ్గించెయ్, అవసరమైతే మానెయ్. మిగిలిపోయిన మేత కుళ్లితే అదీ ఆక్సిజనే తింటుంది.

ఎయిర్ పంపుని నీటి మట్టానికి పైనే, వాన తగలకుండా పెట్టండి, లేదంటే కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీళ్లు వెనక్కొచ్చి పంపులో దిగుతాయి.

ఫౌంటెన్ తర్వాత తీరిగ్గా కొనుక్కోవచ్చు. నీళ్లు కదులుతుంటే దోమలు గుడ్లు పెట్టడం తగ్గుతుంది, ఆ మేరకు మంచిదే, కాకపోతే కలువల మీద తుంపర పడనివ్వకు, వాటికి నిలకడ నీళ్లే ఇష్టం.

ప్యానెల్ దక్షిణం వైపు, హైదరాబాద్‌కి ఒక 17 డిగ్రీల వాలుతో బిగించాలి. చిన్న కొమ్మ నీడ పడినా వచ్చే కరెంటు సగానికి సగం పడిపోవచ్చు, మీ పెరట్లో ఆ వేపచెట్టు చూస్తే అదే నాకు టెన్షన్. పొద్దున తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి గోడ మీద నీడ ఎక్కడుందో ఫోటోలు తీసి పంపు, ఎక్కడ బిగించాలో చెప్తాను.

మీ మావయ్య