బండి ముచ్చట్లు: ఎదురొచ్చే థార్‌కి చెయ్యెత్తాలా వద్దా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పెట్రోల్ రేటు మీద ఏడుపు, మిగతా సగం ఎదురు బండివాడు చెయ్యెత్తాడు ఏం చెయ్యాలి అని. రెండూ కలిపే వడ్డించేస్తున్నా.

ప్రశ్న: అన్నా, కొత్తగా మహీంద్రా థార్ జీపు, పెట్రోల్‌ది, తీసుకున్నా. రోడ్డు మీద ఎదురొచ్చే థార్ వాళ్ళు చెయ్యెత్తి నవ్వుతున్నారు, వాళ్ళెవరో నాకు తెలీదు, పక్కన మా ఆవిడ ప్రతిసారీ "ఎవరండీ ఆయన" అని అడుగుతోంది. తిరిగి చెయ్యెత్తకపోతే పొగరనుకుంటారా? పైగా ఈ రేట్లకి వికారాబాద్ కొండల వైపు వెళ్ళడం కూడా మానేశా. కొండలెక్కనివాడికి ఈ పలకరింపులు చెల్లుతాయా? (కొంపల్లి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఎత్తు తమ్ముడూ, ఎత్తితే పోయేదేముంది, దానికి లీటర్ల లెక్క లేదు కదా. ఇది అమెరికాలో జీపులవాళ్ళకి పాత అలవాటు, జీప్ వేవ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు ఎదురు జీపుకి సెల్యూట్ కొట్టేవాళ్ళు, అక్కడ మొదలైందని ఒక కథ చెప్పుకుంటారు, రుజువు మాత్రం అడక్కు. 1945లో విల్లీస్ కంపెనీ సీజే-2ఏ అని మామూలు జనానికి జీపు అమ్మడం మొదలెట్టింది. అదే విల్లీస్ జీపుని ఇక్కడ మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో బిగించి అమ్మారు, 2010లో మొదలైన థార్ ఆ వంశంలోదే, నీదీ అదే. అంటే వరసకి నువ్వు వాళ్ళ చుట్టానివే అనుకో.

అసలు ఇదేదో అమెరికా నుంచి దిగుమతి అయిందనుకునేవాళ్ళు ఒకసారి పాడేరు, చింతపల్లి వైపు వెళ్ళి చూడాలి, అక్కడ కమాండర్ జీపు డ్రైవర్లు మలుపులో ఎదురుపడితే చెయ్యెత్తడమే కాదు, బండి స్లో చేసి ముందు వాగు పొంగిందా, చెట్టు పడిందా, గేదెలు అడ్డం పడుకున్నాయా అన్నీ రెండు ముక్కల్లో చెప్పేసి పోతారు. ఆర్టీసీ డ్రైవర్లు కూడా అంతే, ఎంత స్పీడులో ఉన్నా ఎదురు బస్సుకి చెయ్యి లేవాల్సిందే.

పద్ధతి సంగతి చెప్తా. మనకి స్టీరింగ్ కుడివైపు, ఎదురొచ్చేవాడు కూడా కుడివైపు నుంచే పోతాడు కాబట్టి స్టీరింగ్ మీద నుంచి నాలుగు వేళ్ళు లేపితే చాలు, చెయ్యి బయటపెట్టి జెండా ఊపినట్టు ఊపక్కర్లేదు. హెడ్‌లైట్ డిప్పర్ మాత్రం కొట్టకు. మన రోడ్ల మీద డిప్పర్ కొడితే "నేనొస్తున్నా జరుగు" అని అర్థం, లేదా "ముందు పోలీసులున్నారు" అని, నువ్వు ప్రేమగా కొడితే అవతలివాడు పాపం హెల్మెట్ లేని బైకువాడిలా కంగారుపడి స్లో చేస్తాడు.

ఇక ట్రిప్పులు మానేశానని సిగ్గుపడటం దేనికి? 2022 వేసవిలో హైదరాబాద్‌లో లీటరు పెట్రోల్ 119 దాటింది, థార్ ట్యాంకు 57 లీటర్లు, ఫుల్ కొట్టిస్తే ఆరువేల ఎనిమిదొందలు, ఈఎంఐ కట్టేవాడు ఆదివారం బురద తొక్కడానికి ఇంత పెట్టలేనంటే అది లెక్క తెలిసినవాడి మాట. నా మటుకు నాకు నువ్వు ఎన్ని కొండలెక్కావన్నది అనవసరం, రోడ్డు పక్కన ఇంకో బండి దిగబడిపోయి ఉంటే ఆగుతావా, డిక్కీలో తాడు ఉందా, అంతే చూస్తా. ఆగనివాడు పదిమందికి చెయ్యెత్తినా దండగే. మీ ఆవిడకి మాత్రం "మా బండి వాళ్ళు" అని చెప్పేయ్, రెండు వారాల్లో తనే ముందు చెయ్యెత్తుతుంది చూడు.

ప్రశ్న: అన్నయ్య గారూ, మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా రాంగ్లర్ జీపు డోర్ హ్యాండిల్ మీద ఎవరో చిన్న రబ్బరు బాతు పెట్టిపోయారు! మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, అది చూసి దిష్టి అనో చేతబడి అనో భయపడి తీసి పారేయమంటున్నారు. ఇక మావారు గ్యాస్ (ఇక్కడ పెట్రోల్‌ని అలాగే అంటారు) రేటు చూసి జీపు అమ్మేసి హైబ్రిడ్ కొందామంటున్నారు. ఏం చెయ్యమంటారు? (పేరు వద్దన్నారు)

జవాబు: అమ్మా, ముందు అత్తగారికి ధైర్యం చెప్పండి, అది దిష్టి కాదు, "మీ జీపు బాగుంది" అని ఒక మెచ్చుకోలు. 2020లో, కరోనా రోజుల్లో, కెనడాలోని ఒంటారియోలో అల్లిసన్ పార్లమెంట్ అనే ఆవిడ మొదలెట్టింది. అలబామా నంబర్ ప్లేటు ఉన్న బండేసుకుని వస్తే ఎవడో పరాయి మనిషి వైరస్ తెచ్చావంటూ ఆవిడ మీద గొడవకి దిగాడు, ఆ చిరాకులో కొన్న రబ్బరు బాతుల్లో ఒకటి తీసి కనపడిన జీపు మీద పెట్టింది, దాని ఓనరు నవ్వాడు, ఆ నవ్వుతో ఇంకో బాతు, అలా అలా అమెరికా అంతా పాకిపోయింది. ఆవిడ 2024లో చనిపోయింది. మీకొచ్చిన బాతుని డ్యాష్‌బోర్డు మీద పెట్టుకోండి, చాలామంది అక్కడ వరసగా పేర్చుకుంటారు. మీరూ ఒక ప్యాకెట్ కొని ఎక్కడైనా పార్కింగ్‌లో మంచి జీపు కనపడితే ఒకటి పెట్టేయండి. అత్తగారి చేతే పెట్టించండి, సరదా పడతారు.

మీవారి సంగతంటారా, ఆయన మాటా తప్పు కాదు. 2022 జూన్‌లో అమెరికా మొత్తం మీద సగటున గ్యాలన్ ఐదు డాలర్లు దాటింది, మీ నాలుగు డోర్ల రాంగ్లర్ కొత్త మోడల్ అయితే ట్యాంకు 21.5 గ్యాలన్లు, అంటే ఆ రేటుకి నూటేడు డాలర్ల పైమాట. రోజూ ఫ్రిస్కో నుంచి డాలస్ దాకా ఆఫీసుకి దాన్నే తిప్పితే జేబుకి చిల్లే. ఇంట్లో రెండో కారు ఉంటే ఆఫీసుకి అది వాడి, జీపుని శని, ఆదివారాలకి ఉంచుకోండి. ఒకే కారయితే మాత్రం మీవారి మాట వినండి, బాతు ఎక్కడికీ పోదు.

ప్రశ్న: నాది మారుతి జిమ్నీ. నేను చెయ్యెత్తితే థార్ వాళ్ళు చూసీ చూడనట్టు పోతున్నారు సార్. (రాజమండ్రి)

జవాబు: పాత మారుతి జిప్సీ వారసుడికి ఆ మర్యాద ఇవ్వనివాడు బళ్ళ గురించి తెలీనివాడు, వదిలేయండి. నేనైతే జిమ్నీకి, ఫోర్స్ వాళ్ళ గూర్ఖా జీపుకి, పాత కమాండర్‌కి అందరికీ ఎత్తుతా. బురదలో జిమ్నీ తేలిగ్గా దాటిపోతుంటే వెనకాల బరువు థార్‌వాడు తాడు కోసం పిలిచే రోజు రాకపోదు, అప్పుడు మాత్రం చూసీ చూడనట్టు పోకండి.

ప్రశ్న: థార్ పెట్రోల్ మాది. మైలేజ్ పెరిగే మార్గం ఉందా? యానాం వెళ్ళి కొట్టిస్తే మిగులుద్దా? అక్కడ బంకులో మా బండి వాళ్ళు కూడా కలుస్తుంటారు. (కాకినాడ)

జవాబు: ఇసుకలో తిరిగేటప్పుడు టైర్లలో గాలి దింపుతారు కదా, తారు రోడ్డెక్కాక తిరిగి కొట్టించేది ఎంతమంది? అలాగే పోతారు, మైలేజ్ పడిపోయిందని కంపెనీని తిడతారు. పైన క్యారియర్, దాని మీద ఖాళీ డబ్బా, నిచ్చెన, ఇవి అవసరం లేనప్పుడు దించేయండి, గాలికి అడ్డమే. సిటీలో తిరగడానికి మడ్ టైర్లు ఎందుకో నాకైతే అర్థం కాదు. పొడి తారు రోడ్డు మీద ఫోర్ హైలో (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం పోయే గేరు) అస్సలు పెట్టకండి, పెట్రోల్ సంగతి తర్వాత, గేర్ల సామానే పాడవుద్ది.

యానాం లెక్క చూద్దాం. అది పుదుచ్చేరి కిందది కాబట్టి రేటు తక్కువ. లీటరుకి పన్నెండు రూపాయలు తేడా అనుకుందాం, యాభై లీటర్లు కొట్టిస్తే ఆరొందలు మిగులు. రానూపోనూ అరవై కిలోమీటర్లు, మీ బండి లీటరుకి పది ఇచ్చినా ఆరు లీటర్లు దారిలోనే తాగేస్తుంది, అంటే దాదాపు ఆ ఆరొందలూ అక్కడే అయిపోయాయి. వేరే పనుండి యానాం వెళ్తే కొట్టించుకోండి, ఉత్త పెట్రోల్ కోసమే అయితే వద్దు. మీవాళ్ళని పలకరించడానికైతే కాకినాడ బీచ్ రోడ్డు చాలు.