స్థలాన్ని వాన పడ్డాక చూడు

చిరంజీవి సురేష్‌కు పెదనాన్న ఆశీస్సులు.

హైదరాబాద్ శివార్లలో, ఘట్‌కేసర్ దగ్గర 150 గజాల ప్లాటు చూశానన్నావు. ఫ్లాట్ వద్దు, ఇండిపెండెంట్ ఇల్లే కట్టుకుంటానంటే మీ పెద్దమ్మ మురిసిపోయింది. నాకు మాత్రం నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

1990ల్లో మేం వనస్థలిపురంలో కట్టినప్పుడు వీధంతా ఇళ్లే. ఇప్పుడు మా వరసలో మిగిలినవి నాలుగు. పిల్లలు వాటాలు అడగ్గానే పాత ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తున్నారు, సగం ఫ్లాట్లు ఓనర్‌కి, సగం బిల్డర్‌కి. 2006లో జీవో 86 అనే ప్రభుత్వ ఉత్తర్వు భవనాల ఎత్తు మీద పట్టు సడలించాక పడమర వైపు టవర్లు లేచాయి. కొల్లూరు, మోకిలల్లో విల్లాలున్నాయిగానీ అవి మన జేబుకు అందవు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మనలాంటివాళ్ల ఇళ్లు నాగారం, ఘట్‌కేసర్, తుర్కయంజాల్ వైపు జరిగాయి. నువ్వూ అటే వెళ్తున్నావు. తప్పులేదు.

కానీ పక్క ప్లాటు కన్నా గజం ధర తక్కువ చెప్పారంటే ఎందుకో కనుక్కో. 2020 అక్టోబరు వానల్లో చెరువుల కింది కాలనీలు ఎలా మునిగాయో చూశాం. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ అంటే, అదే చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు అంటే, ఏమిటో ఆటో అతనికి కూడా తెలిసిపోయింది. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువు మ్యాపులో నీ సర్వే నంబరు ఎక్కడుందో నువ్వే చూసుకో, ఏజెంటు మాట నమ్మకు. లేఅవుట్‌కి అనుమతి లేకపోతే ప్లాటును క్రమబద్ధం చేయించుకునే ఎల్‌ఆర్‌ఎస్ ఫీజు కట్టిన రసీదు అడుగు. ఇంటి పర్మిషన్ల ఆన్‌లైన్ పద్ధతి టీఎస్ బీపాస్ వచ్చినప్పటి నుంచి చిన్న ఇళ్లకు సెల్ఫ్ సర్టిఫికేషన్, అంటే మనమే రాసిచ్చిన హామీ మీదే పర్మిషన్ ఇస్తున్నారు. సులువే, కానీ రేపు తప్పు తేలితే సంతకం నీది. ఏప్రిల్‌లో ఆ వీధిలోకి నీళ్ల ట్యాంకర్లు వస్తాయా అని పక్కింటావిడను అడుగు, బోరు సంగతి అందులోనే తెలిసిపోతుంది.

బేస్‌మెంట్, అంటే నేల నుంచి ఇంటి గచ్చు ఎత్తు దగ్గర మాత్రం మేస్త్రి మాట వినకు. మా గేటు నుంచి ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి ఇంట్లోకి వచ్చేవాళ్లం. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే పోశారు. ఇప్పుడు ఒక మెట్టు దిగాలి. గట్టి వాన పడితే మీ పెద్దమ్మ గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం పెట్టి, తెల్లవార్లూ గుడ్డ పిండుతూ కూర్చుంటుంది. ఎలివేషన్‌కి, అదే ఇంటి ముందు సోకుకి పెట్టే డబ్బు తగ్గించుకునైనా ఇల్లు రోడ్డుకి మూడడుగుల పైన లేపు.

అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వకు. మంచి వాన పడిన మర్నాడు ఫోన్ చెయ్యి, ఇద్దరం వెళ్దాం. పాత చెప్పులు వేసుకుని రా.

మీ పెదనాన్న