పెట్రోలు వాసన ఎప్పుడొస్తోందో చూడు

చిరంజీవి అబ్బాయికి,
పెదనాన్న ఆశీస్సులు.

వారం నుంచీ కారులో పెట్రోలు వాసన వస్తోందనీ, పెర్‌ఫ్యూమ్ పెట్టుకుని తిరుగుతున్నాననీ నిన్న ఫోన్‌లో అన్నావు. ముందు ఆ పెర్‌ఫ్యూమ్ తీసెయ్. మనకున్న ఆనవాలు ఆ వాసన ఒక్కటే. దాన్ని కప్పేస్తే ఎక్కడ కారుతోందో ఎలా తెలుస్తుంది?

వాసన ఎప్పుడొస్తోందో గుర్తు చేసుకో. ట్యాంకు నింపించిన రోజు వచ్చి, తర్వాత తగ్గిపోతుంటే మూతను అనుమానించు. దాని లోపలి రబ్బరు వాషర్‌ను వేలితో తడిమి చూడు. మెత్తగా ఉండాలి. గట్టిపడి అంచున పగిలితే మూత మార్చాల్సిందే. చాలా కార్లలో పెట్రోలును ఇంజిన్‌కు తోసే పంపు వెనక సీటు కిందున్న ట్యాంకులోనే ఉంటుంది. దాని సీలు పోతే వెనక కూర్చున్న పిల్లలకే ముందు వాసన తగులుతుంది.

బంకులో నాజిల్ ఆగాక కూడా ఇంకాస్త కొట్టించుకునే అలవాటు నీకుంది, మానెయ్. ట్యాంకులో పుట్టే ఆవిరిని పీల్చుకోవడానికి బొగ్గు నింపిన డబ్బా ఒకటుంటుంది, క్యానిస్టర్ అంటారు. గొంతు దాకా నింపితే పెట్రోలే అందులోకి వెళ్లి బొగ్గు తడిసిపోతుంది. ఇక ఆవిరంతా బయటికే.

పొగగొట్టం దగ్గర మాత్రమే వస్తుంటే పెట్రోలు సరిగ్గా మండడం లేదేమో, ముందు స్పార్క్ ప్లగ్గులు చూపించు.

స్టార్ట్ చేసినప్పుడు వస్తుంటే మాత్రం బానెట్ ఎత్తించు. మీ సెల్లార్‌లో ఎలుకలున్నాయి కదా. నా పాత కారులో ఓసారి పెట్రోలు పైపు మీద సన్నటి పంటిగాట్లు కనిపించాయి, చుట్టూ దుమ్ము తడిసి నల్లగా అంటుకుపోయి ఉంది. ఇంజిన్ ఆపితే చుక్క కూడా కారేది కాదు. స్టార్ట్ చేయగానే ప్రెషర్‌కు సన్నగా చిమ్మింది, వేడి ఇంజిన్‌కు జానెడు దూరంలో! ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడదడలాడుతుంది.

పైగా నీది 2014 మోడల్. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అప్పటి రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. పైకి బాగున్నట్టే ఉంటాయి. ఇంజిన్ ఆపి, చల్లారాక, వాటిని వంచి చూడమని మెకానిక్‌కు చెప్పు. పగుళ్లు వంపులో బయటపడతాయి.

కారు కింద తడి మచ్చ కనిపిస్తే తాళం చెవి తిప్పనే వద్దు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, సెల్లార్‌లో నేల మీదే పరుచుకుంటుంది. ఎవరో వెలిగించిన బీడీ చాలు. మెకానిక్‌నే అక్కడికి పిలిపించు.

ఆదివారం దాకా ఆగకు, రేపే చూపించు. అప్పటిదాకా పిల్లల్ని స్కూలుకు ఆటోలో పంపు.

పెదనాన్న