టైమ్ సర్వీస్ రన్నింగ్‌లోనే ఉన్నా సర్వర్ గడియారం ఎందుకు వెనకబడుతోంది?

విజయవాడ ఆటోనగర్‌లో మీ స్పేర్ పార్ట్స్ షాపు లినక్స్ సర్వర్ టైమ్ రోజురోజుకీ వెనకబడుతోందని, చేత్తో సరిచేసినా మళ్లీ మొదటికొస్తోందని, నెట్‌లోని టైమ్ సర్వర్లను చూసి గడియారం సరిచేసే క్రోనీ సర్వీస్ మాత్రం రన్నింగ్‌లోనే ఉందని రాశారు. సర్వీస్ నడవడం వేరు, దానికి బయటి నుంచి టైమ్ అందడం వేరు. చాలామంది మొదటిది చూసి ఆగిపోతారు.

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి సర్వర్ పని నేనే చూస్తాను. సీజన్ మధ్యలో అక్కడా ఇదే జరిగింది. టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపాక ఇచ్చిన రసీదు మీది టైమ్, లారీ లోపలికి వచ్చినప్పుడు గేటు దగ్గర చేత్తో రాసిన టైమ్ కంటే ముందటిది! రైతు రసీదు పట్టుకుని అడిగితే గుమాస్తా ఏం చెబుతాడు పాపం. ‘క్రోనీసీ సోర్సెస్’ (chronyc sources) కమాండ్ కొట్టి చూశాను. ప్రతి టైమ్ సర్వర్ పేరు ముందూ ప్రశ్నార్థకం, రీచ్ కాలమ్‌లో సున్నా. ఎక్కడి నుంచీ జవాబు రావడం లేదన్నమాట. కొత్తగా బిగించిన రౌటర్‌లో బయటికెళ్లే యూడీపీ 123 పోర్టు, అంటే టైమ్ సర్వర్లతో మాట్లాడే దారి, మూసి ఉంది. వెబ్‌సైట్లన్నీ తెరుచుకుంటున్నాయి కాబట్టి నెట్ మీద ఎవరికీ అనుమానం రాలేదు. పోర్టు తెరిపించాక రీచ్ 1, 3, 7 అంటూ పెరిగి 377కి చేరింది. ఆ అంకె ఆక్టల్‌లో, అంటే పదికి బదులు ఎనిమిది ఆధారంగా లెక్కించే పద్ధతిలో ఉంటుంది. 377 అంటే చివరి ఎనిమిదిసార్లూ జవాబు వచ్చినట్టు. పేరు ముందు నక్షత్రం పడిందంటే ఆ సర్వర్‌నే ఎంచుకున్నట్టు.

మీ దగ్గర రీచ్ బాగానే ఉంటే అప్పుడు తేడా ఎలాంటిదో చూడండి. సరిగ్గా ఐదున్నర గంటలైతే అది టైమ్‌జోన్ గొడవ, మన టైమ్‌కీ అంతర్జాతీయ టైమ్ (యూటీసీ)కీ ఉన్న తేడా అంతే. అదే మెషీన్‌లో విండోస్ కూడా ఉంటే ఇది మామూలే. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పాత తేదీ చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది బ్యాటరీ, ఎక్కువగా సీఆర్2032 ఉంటుంది, మార్చేయండి. వర్చువల్ మెషీన్ అయితే హోస్టూ (దాన్ని నడిపే అసలు మెషీన్) క్రోనీ రెండూ టైమ్ దిద్దకుండా ఆ పని ఒక్కదానికే వదిలేయండి.

బిల్లింగ్ నడుస్తుండగా మాత్రం టైమ్ మార్చొద్దు, దయచేసి. క్రోనీ మామూలుగా మొదట్లోనే ఒక్కసారిగా టైమ్ మారుస్తుంది, తర్వాత మెల్లమెల్లగా దిద్దుతుంది. వెంటనే సరికావాలంటే రాత్రి షాపు కట్టేశాక బిల్లింగ్ ఆపి ‘క్రోనీసీ మేక్‌స్టెప్’ (chronyc makestep) కొట్టండి. మీది వెనకబడిన గడియారం కాబట్టి ముందుకే గెంతుతుంది, కొంత నయం. వెనక్కి గెంతితే కొత్త బిల్లుల టైమ్ పాత బిల్లుల కంటే ముందు పడి లెక్కల వరుస చెడుతుంది.

ఏ టైమ్ సర్వర్ పెట్టాలని కూడా అడిగారు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) టైమ్ సర్వర్లు, లేదా వాటికి ముడిపడిన సర్వర్లు వాడాలని ఉంది. నేను ఎన్‌పీఎల్‌ది మొదట రాసి, తోడుగా ఇంకో మూడు పెడతాను. ఒకటి తప్పు టైమ్ ఇచ్చినా మిగతావాటితో పోల్చి క్రోనీ దాన్ని పక్కన పెట్టేస్తుంది.

‘క్రోనీసీ సోర్సెస్’, ‘క్రోనీసీ ట్రాకింగ్’ (chronyc tracking) రెండింటి ఔట్‌పుట్ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.